చద్దికొండ మీద బోర్లించిన పాత్ర

చద్దికొండ ఊరికి పడమరగా, నల్లవాగు అవతల ఉన్నది. మెట్లు లేవు, బండలు పట్టుకుని ఎక్కవలసిందే. పైనున్న గుహలో విగ్రహం కోసం వెదికే భక్తులు నిరాశ పడతారు. అక్కడున్నవి బోర్లించిన రాతి పాత్ర, దాని పైన వేలాడే ఉట్టి మాత్రమే. గంట లేదు, హారతి లేదు. ఇక్కడి స్వామిని ఊరివారు చద్దయ్య అంటారు. ఆయనకు నైవేద్యం రాత్రి మిగిలిన చద్దన్నమే. పులిహోర, పరమాన్నం తెచ్చినవారు వాటిని తిరిగి మోసుకుపోవలసిందే.

పూర్వం ఇక్కడ బౌద్ధ భిక్షువులు వానాకాలం గడిపేవారు. వారి నియమాలు కఠినమైనవి. ఉదయాన ఊళ్లోకి వచ్చి గడప ముందు మౌనంగా నిలబడాలి. నోరు తెరిచి అడగరాదు. పెట్టినదేదో మధ్యాహ్నం లోపలే తినాలి. పొద్దు తిరిగితే మరునాటి వరకు నీళ్లే గతి.

ఒక ఏడు గుహలో ఒక ముసలి భిక్షువు ఒంటరిగా ఉన్నాడు. ముసురు పట్టి వాగు పొంగింది. రోజుల తరబడి ఆయన దిగిరాలేకపోయాడు. వాగు కాస్త తగ్గగానే గోడలు పట్టుకుంటూ వచ్చి, చందసిరి అనే సాలె ఇల్లాలి గడప ముందు నిలబడ్డాడు.

చందసిరికి ఆయనంటే కన్నతండ్రి మీద ఉన్నంత భక్తి. ఆ ఉదయం ఇంట్లో ఉన్నది ఉట్టి మీది చద్దన్నం ఒక్కటే.

"ఇన్నాళ్లకు వచ్చిన మీకు చద్ది పెడతానా సామీ! కాసేపు ఆగండి, వేడన్నం వండి తెస్తాను" అన్నది.

కాదని మరో గడపకు పోతే ఆమె చిన్నబుచ్చుకుంటుంది. ఆయన ఆగాడు. లోపల కట్టెలు తడిసి ఉన్నాయి. ఆమె ఊదింది, మళ్లీ ఊదింది. పొగ తప్ప మంట రాలేదు. మబ్బు పట్టిన ఆకాశంలో పొద్దు ఎంతయిందో ఆమెకు తెలియలేదు. భక్తి ఎక్కువైతే ఒక్కొక్కసారి ఎదుటివాడి ఆకలి కనిపించదు. చివరకు అన్నం ఉడికి, నేతిగిన్నెతో సహా ఆమె బయటికి వచ్చేసరికి మబ్బు విడింది. ఆయన నీడ తూర్పుకు వాలి ఉన్నది.

ఆయన పాత్రను చేత్తో మూసి, "పొద్దు తిరిగిందమ్మా" అన్నాడు.

"ఎవరు చూస్తారు సామీ? ఒక్క ముద్ద తినండి" అని ఆమె కాళ్ల మీద పడింది.

"నేను చూస్తాను కదా తల్లీ" అని ఆయన మెల్లగా వాగు దాటి వెళ్లిపోయాడు.

ఆ రాత్రే వాగు మళ్లీ పొంగింది. తగ్గిన రోజున ఆమె చద్దికుండతో కొండ ఎక్కింది. ఆయన గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు; పిలిస్తే పలకలేదు. కడిగిన పాత్ర పక్కన బోర్లించి ఉన్నది. చందసిరి అక్కడే కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది.

తరువాత ఆయన ఆమె కలలోకి వచ్చాడని చెబుతారు. వరమివ్వలేదు, కోపగించుకోలేదు. గడప ముందు నిలబడి లోపలి ఉట్టి వైపు చూశాడు, అంతే. ఆనాడు కూడా ఆయన అటే చూస్తూ నిలబడ్డాడని ఆమెకు అప్పుడు గుర్తుకు వచ్చింది. గుహలో ఉట్టి కట్టినది ఆమే.

ఇప్పటికీ ఇక్కడ పూజారి లేడు. ఊరి ఇల్లాళ్లు వంతులవారీగా చద్ది తెచ్చి ఉట్టిలో పెడతారు. ఎండన పడి ఎక్కినవారు దండం పెట్టబోతే, ఈ ఏటి వంతు చూస్తున్న పైడమ్మ "ముందిది తినండి బాబూ, దండం తరవాతెట్టుకుందురు" అని చేతిలో ముద్ద పెడుతుంది. ఆ ముద్ద తిన్నవారి ఇంట ఆకలి నిలవదని నమ్మకం. ఇక్కడ మొక్కితే సంతానం కలుగుతుందో, వ్యాజ్యాలు గెలుస్తారో మేము చెప్పలేము. గడప ముందు నిలబడిన మనిషిని వంటయ్యేదాకా ఆగమనేవారు మాత్రం ఈ ఊళ్లో లేరు.