వలస ఆఫీసులో ముగ్గురు తెలివైనవాళ్ళు

ఉప్పువారి సందులో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని పానకాలుకీ, చెల్లెలు తాయారుకీ, తమ్ముడు కోదండానికీ గట్టి నమ్మకం. చెప్పిన మాట చెప్పినట్టు చేయడమే తెలివని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయనకి కూడా ఎవరో చెబితేనే తెలిసింది లెండి.

అలాంటివాళ్ళకి కార్పొరేషన్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ వచ్చింది. వేరే రాష్ట్రాల నుంచీ దేశాల నుంచీ బతకడానికి పట్నం వచ్చినవాళ్ళకి సాయం చేసే ఆఫీసు అది. మొదటిరోజే అక్కడి పెద్ద, వసంతలక్ష్మి మేడం, ముగ్గురినీ నిలబెట్టి చెప్పారు.

"ఇక్కడికొచ్చేవాళ్ళంతా ఊరు కాని ఊరొచ్చినవాళ్ళు. మన ఇంట్లో మనుషుల్లా చూసుకోండి. పని కాకుండా ఎవర్నీ పంపొద్దు. కోదండం, ఈ సీలు నీ దగ్గరుంచు, ఎవరి చేతికీ ఇవ్వకు. నేను మీటింగుకెళ్ళొస్తాను."

అంతే, మేడం అటు వెళ్ళగానే ఒడిశా నుంచి వచ్చిన సుకాంతి, తన కూతురు మీనూని వెంటబెట్టుకుని ఇటు వచ్చింది. ఈ పట్నంలోనే ఉంటున్నట్టు రాసిన కాగితం మీద మేడం సంతకం, సీలు ఉంటేనే మీనూని బడిలో చేర్చుకుంటారట. దానికి ఇవాళే ఆఖరు.

పాపం సుకాంతి కుర్చీలో కూర్చోబోయింది. పానకాలు కుర్చీ లాగేశాడు.

"కుర్చీ చుట్టాలకి. ఇంట్లో మనిషికి ఎవరైనా కుర్చీ వేస్తారా? ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావు?" అని కసిరాడు.

తాయారు చీపురు తెచ్చి చేతిలో పెట్టింది. "ముందు గది ఊడువక్కా. తర్వాత చిక్కుడుకాయలు ఒలుద్దువుగాని."

"బడి మూసేస్తారు అమ్మా," అని సుకాంతి వచ్చీరాని తెలుగులో మొత్తుకుంది.

"చూశావా అన్నయ్యా, ఎదురు చెబుతోంది. అచ్చం మన ఇంట్లో మనిషే," అని తాయారు మురిసిపోయింది.

తర్వాత బీహారు తాపీపనివాళ్ళు వచ్చారు. ఇంట్లో మగాళ్ళుండి గోడ పెచ్చులూడుతుంటే చూస్తూ కూర్చుంటారా అని వాళ్ళని గోడ దగ్గరికి తోలాడు పానకాలు. మధ్యాహ్నానికి అందరికీ ఆకలేసింది. మేడం క్యారియర్ కనిపించింది. ఇంట్లో అన్నం ఎవరిదని అడుగుతామా? తలా ఒక ముద్ద తినేశారు. గిన్నెలు తోమే వంతు నేపాల్ నుంచి వచ్చిన ఒకాయనకి పడింది.

సుకాంతికి ఓపిక నశించింది. బడివాళ్ళ కాళ్ళయినా పట్టుకుంటానని కూతురితో గుమ్మం వైపు నడిచింది. పని కాకుండా పంపడమా? పానకాలు లోపల్నుంచి తాళం వేసేశాడు. మీనూ ఏడుపు అందుకుంది. ఇక్కడికొచ్చేసరికి ఆ ముగ్గురి వీపూ వాయించాలనిపిస్తుంది నాకు.

సరిగ్గా అప్పుడే మేడం వచ్చి తలుపు కొట్టారు.

"మీదే ఊరండీ?" అన్నాడు పానకాలు.

"ఈ ఊరేరా. నేను, వసంతలక్ష్మిని. తలుపు తియ్యి."

"గొంతు మీదేనండీ. కానీ ఈ ఊరివాళ్ళకి ఈ ఆఫీసు కాదు కదండీ."

ఇంకేముంది, సుకాంతి కిటికీ దగ్గరికి పరిగెత్తి ఊచల్లోంచి కాగితం అందించింది. మేడం అక్కడే నిలబడి చదివి సంతకం పెట్టి లోపలికిచ్చారు. "కోదండం, ఆ సీలిలా ఇవ్వు," అన్నారు.

"ఎవరి చేతికీ ఇవ్వొద్దన్నది మీరే కదండీ," అని కోదండం సీలు పొట్టకి హత్తుకున్నాడు.

సుకాంతి వాణ్ణి ఒక్క క్షణం చూసింది. పొద్దుట్నుంచీ ఇంట్లో మనిషిగా ఉందేమో, ఆ ఇంటి పద్ధతి వంటబట్టింది. చీపురు పైకెత్తింది.

"ఏయ్ తమ్ముడు, ఎంతసేపు కూర్చుంటావు? లే. నువ్వే సీలు వెయ్యి."

అక్క కసిరితే కోదండం ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఠపీమని వేశాడు. పని అయిపోయింది కాబట్టి పానకాలు తాళం తీశాడు. తల్లీకూతుళ్ళు ఆటో ఎక్కి, బడి గేటు మూస్తుండగా వెళ్ళి పడ్డారు. మీనూ బడిలో చేరింది. హమ్మయ్య.

మేడం ఖాళీ క్యారియర్ మూత తీసి చూసుకున్నారు. "తప్పు నాదే. రేపట్నుంచి ఇంట్లో మనుషుల్లా వద్దు, చుట్టాల్లా చూసుకోండి," అన్నారు.

మర్నాడు ఎవరినీ కసరలేదు. చెప్పులు గుమ్మం బయట విడిపించి, మళ్ళీ వచ్చిన తాపీపనివాళ్ళతో సహా లోపల అందరికీ కుర్చీలు వేశారు, కాఫీలిచ్చారు. మేడంకి దండం పెట్టడానికొచ్చిన సుకాంతికి రెండు కాఫీలిచ్చారు. మేడం మనసు నిండింది. సంతోషంగా కమిషనర్ గారి మీటింగుకి బయల్దేరి గుమ్మంలో ఆగిపోయారు. చెప్పులు లేవు. సుకాంతివీ లేవు, తాపీపనివాళ్ళవీ లేవు.

"చెప్పులేవిరా?"

"వెళ్తామంటే చుట్టాల్ని ఊరికే పోనిస్తామా అండీ? మా ఇంట్లో అయితే చెప్పులు దాచేస్తాం. ఈ రాత్రికుండి రేపు వెళ్దురుగాని," అన్నాడు పానకాలు.

"ఎక్కడ దాచారు?"

కోదండం గర్వంగా వీధి చివరికి చెయ్యి చాపాడు. చెత్తబండి పాట పెట్టుకుని మలుపు తిరుగుతోంది.

"మన కార్పొరేషన్ బండేనండీ. పరాయిది కాదు."

మేడం ఒట్టికాళ్ళతో బండి వెనక పరుగెత్తారు. ఆవిడ వెనక సుకాంతి, సుకాంతి వెనక తాపీపనివాళ్ళు.

తాయారు గుమ్మంలో నిలబడి నిట్టూర్చింది. "చూశావా అన్నయ్యా, ఎంత మర్యాద చేసినా ఒక్క చుట్టం నిలవలేదు."