ఆచార్యులవారికి రాని ప్రశ్న

ఏ రాజు కాలమో గానీ, ఒక విద్యాపీఠంలో చిత్రమైన ఆచారం ఉండేది. చేరవచ్చిన పిల్లలు ఆచార్యుణ్ణి ఒక్క ప్రశ్న అడగాలి. ఆయన జవాబు చెప్పలేకపోతేనే ప్రవేశం, చెప్పేస్తే ఇంటిదారే.

బుట్టలల్లే ఇంటి పిల్ల నూకాలు వంతు వచ్చింది. కిందటేడు తన ప్రశ్నకు ఆచార్యుడు జవాబు చెప్పేయడంతో తిరిగొచ్చిన అన్న గౌరయ్య మళ్లీ పుస్తకం ముట్టలేదు. అయినా చెల్లెలికి తోడుగా కొండలు దాటి వచ్చి, గడప దగ్గర నిలబడ్డాడు. "భయపడకే, నేనున్నా," అన్నాడు. తను మాత్రం గడప దాటలేదు.

ఆచార్యుడు మీసం దువ్వి, "అడుగు పిల్లా! నాకు జవాబు తెలియని ప్రశ్న ఈ లోకంలోనే లేదు," అన్నాడు.

నూకాలు ఒకసారి అన్నవైపు చూసింది.

"లేదని మీకు తెలుసు కదయ్యా! మరి లేనిదాన్ని తెమ్మని మా అన్నలాంటి వాళ్లచేత ఇన్ని కొండలు ఎందుకు దాటించారు?"

ఆచార్యుడు గడప దగ్గరి కుర్రవాడి కళ్లలోకి చూడలేకపోయాడు. చివరికి, "దీనికి నా దగ్గర జవాబు లేదమ్మా. లోపలికి రా," అన్నాడు.

నూకాలు కదల్లేదు.

"ఆ ప్రశ్న మా అన్నదయ్యా. ఏడాదిగా తనే మోస్తున్నాడు, నేను పైకి అన్నానంతే."

ఆచార్యుడు ఆసనం దిగాడు. గడప దాకా తానే నడిచివెళ్లి, గౌరయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.