వంక దాటిన సుంకులవ్వ

కొండలు ఇంకా కొంచెం ఎత్తుగా ఉన్న కాలం. మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలం. అప్పుడొక వంక పారేది. వంకకు ఇటు రేగులపాడు, అటు కానుగపల్లె. నీళ్ళు మావంటే మావని ఆ రెండూళ్ళూ తిట్టుకున్నాయి, కొట్టుకున్నాయి, తలలు పగలగొట్టుకున్నాయి. ఇటోళ్ళు అటు పోరు, అటోళ్ళు ఇటు రారు.

రేగులపాడులో సుంకులవ్వ అని ఒక ముసలమ్మ. మేకలు కాసుకునే మనిషి. ఆమెకొక కొడుకు భీమన్న. ఒక మనవరాలు మారెక్క. తల్లి లేని పిల్ల. అవ్వ రొమ్ము మీద తల పెడితే గానీ ఆ పిల్లకు నిద్ర పట్టేది కాదు.

ఒకనాటి పొద్దున అవ్వ కొర్రలు చెరుగుతూ, "మారీ, మేకల్ని విప్పే!" అంది. మారెక్క విప్పి వచ్చేసరికి అవ్వ చేట మీదికి ఒరిగిపోయి ఉంది. నవ్వులాటేమో అనుకుంది. "అవ్వా!" అంది. "అవ్వా, లెయ్!" అంది. "అవ్వా!" అని అరిచింది. అవ్వ లేవలేదు.

మారెక్కకు ఏడుపు రాలేదు. మాటా రాలేదు. అట్లే కూర్చుండిపోయింది.

చావు తప్పెట మోగింది. అవ్వను ఇంటి ముందర పడుకోబెట్టారు. పాడె కడుతుండగా ఎవరో కేక పెట్టారు. "కానుగపల్లోళ్ళు వంక దాటినారు!"

అందరికంటే ముందు ఓబులేసు. కిందటేడు కొట్లాటలో భీమన్న కుడిచేయి విరిచిన ఓబులేసు. ఎముక అతుక్కుంది గానీ, ఆ చేతికి బలం రాలేదు.

"పీనుగ దగ్గరికి కూడా తగువుకొచ్చినార్రా!" రేగులపాడు మగాళ్ళు కర్రలందుకున్నారు.

ఓబులేసు ఎవరి దిక్కూ చూడలేదు. నేరుగా పోయి అవ్వ కాళ్ళ మీద పడ్డాడు. "అమ్మా!" అన్నాడు.

ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఆగిపోయాయి.

"ఎవురికిరా అమ్మ?" అన్నాడు భీమన్న.

"నాకూ పొద్దున్నే తెలిసింది భీమన్నా. తప్పెట విని, పోయింది మీయమ్మని తెలిసి, మా నాయన చేతిలో ముద్ద జారిపోయింది. అప్పుడు చెప్పినాడు. మేము పుట్టిన ఏడు మా ఊరికి గత్తర రోగమొచ్చింది. తల్లులు పోయినారు. పసిబిడ్డలు మిగిలినారు. ఆ ఏడుపులు వంక ఇవతలికి వినబడినాయంట. అప్పుడు నువ్వు చంటిబిడ్డవి. మీయమ్మ నీకు పాలిచ్చి, పండబెట్టి, రోజూ సందకాడ వంక దాటొచ్చి మాకిచ్చిందంట. మీ ఊళ్ళో తెలిస్తే వెలేస్తారని, తను పోయేదాకా ఎవురికీ చెప్పొద్దని మా పెద్దోళ్ళతో ఒట్టేయించుకుందంట."

"అబద్ధం," అన్నాడు భీమన్న.

వెనక నుంచి ఇంకొకడు ముందుకొచ్చాడు. "నేనూ తాగినా అన్నా."

"అబద్ధం!"

నెరిసిన జుట్టుతో ఒక ఆడమనిషి వచ్చి అవ్వ పక్కన కూలబడింది. "నేనూ తాగినా."

భీమన్న మళ్ళీ అనబోయి ఆగిపోయాడు.

మారెక్క అవ్వ వైపు చూసింది. రోజూ తల పెట్టుకుని పడుకున్న రొమ్ము. ఇంతమంది ఆకలి తీర్చిన రొమ్ము. ఒక్కనాడన్నా చెప్పలేదే! పక్కలో పడుకున్నది ఎవరో ఇన్నేళ్ళూ తనకు తెలియనే లేదనిపించింది పిల్లకు.

ఓబులేసు లేచాడు. "నీ పాలు పంచుకొని తాగి, నీ చేయే విరిచినా. నన్ను ఏమన్నా చెయ్. పాడె మాత్రం మోయనీ."

"వద్దు," అన్నాడు భీమన్న. అవ్వను పాడె మీదికి చేర్చాక, వంగి దాని కొమ్ము పట్టుకున్నాడు. కుడిచేయి వణికింది. కొమ్ము జారింది.

అప్పుడు మారెక్కకు మాట వచ్చింది. "నాయనా, అవ్వ కింద పడతాది! ఆయన్ని పట్టుకోనీ!"

భీమన్న బిడ్డ మొహం చూశాడు. కొంచెం పక్కకు జరిగాడు. ఆ జరిగిన చోట ఓబులేసు భుజం పెట్టాడు. పాడె లేచింది. అప్పుడు వచ్చింది మారెక్కకు ఏడుపు. వంక రెండు గట్లకూ వినబడేట్టు ఏడ్చింది.

ఆనాటి నుంచి నీళ్ళ కోసం ఆ ఊళ్ళు కర్ర ఎత్తలేదు. ఒకరి చావుకు ఒకరు పోతారు, పాడె మోస్తారు. పంట పంచుకుంటారు, పండగ పంచుకుంటారు. కానీ ఆ ఊరి పిల్లను ఈ ఊరికి ఇవ్వరు, ఈ ఊరి పిల్లను ఆ ఊరికి ఇవ్వరు. తెలియని వాళ్ళు, "ఇంకా పాత పగేనా?" అని అడుగుతారు.

"పగ కాదు నాయనా," అంటారు అక్కడి ముసలోళ్ళు. "అన్నాచెల్లెళ్ళకు పెండ్లి చేస్తారా ఎవరన్నా?"