చెంబులో పెట్టిన ప్రాణం

ఒకానొక రాజ్యంలో ప్రచండకేతు అనే మహారాజు ఉండేవాడు. అబ్బో, ఆయన గొప్పలు ఇన్నీ అన్నీ కావు. ఆయన తుమ్మినా సభంతా చప్పట్లు కొట్టాలి.

కొత్త మండపానికి స్తంభాలు కావాలని, కొంగలపాడులోని చింతచెట్లన్నీ కొట్టించమన్నాడు. ఆ మాట విని ఊరివాళ్లకు గుండె ఆగినంత పనైంది. ఏటా దూరదేశాల నుంచి వేల కొంగలు ఆ చెట్ల మీదికే వచ్చి గూళ్లు కడతాయి. పురిటికొచ్చిన ఆడపడుచులంటూ ఊళ్లో ఎవరూ వాటిమీద రాయి కూడా విసరరు. ఇప్పుడు చూస్తే గూళ్ల నిండా ఎగరడం రాని పిల్లలు.

ఆస్థానంలో కథలు చెప్పే పైడాంబది ఆ ఊరే. ఎంత బతిమాలినా రాజు వినలేదు. "ఏడుపు చాలించి కథ చెప్పు" అన్నాడు.

ఆమె చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథ చెప్పింది. రాజుకు ఉక్రోషం వచ్చింది.

"ముష్టి మాంత్రికుడికి ఉన్న భద్రత నాకు లేదా? నా ప్రాణం కూడా దాచు."

"చిత్తం. చిలుకలో మాత్రం వద్దు ప్రభూ. ఈ కథ తెలియని శత్రువు లేడు, ముందు దాన్నే వెతుకుతాడు."

పైడాంబ రాజు చేత చెంబులోకి మూడుసార్లు ఊదించి మూత పెట్టింది. సాయంత్రం తిరిగొచ్చి, "కొంగలపాడు చెట్ల కింద మూత తీశాను. ఏ కొంగపిల్లలో దూరిందో నాకూ తెలియదు" అంది.

రాజు మురిసిపోయి మీసం దువ్వుకున్నాడు. గొడ్డళ్లు బయల్దేరిన సంగతి తెల్లారాక గానీ గుర్తురాలేదు. చెప్పులైనా వేసుకోకుండా గుర్రమెక్కాడు.

పైడాంబ అప్పటికే అక్కడ ఉంది. రాజు భటులతో గొడ్డళ్లు దించమని చెప్పి తలెత్తాడు. కొమ్మకొమ్మకూ గూళ్లు. ఆకాశం కనబడనంతగా తెల్లటి రెక్కలు. తల్లులు చేపలు తెస్తుంటే వేల నోళ్లు ఒక్కసారిగా తెరుచుకుంటున్నాయి. తన రాజ్యంలో ఇంత వింత ఉందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదు.

ఇంతలో ఒక పిల్ల గూటి అంచు నుంచి జారింది. రాజు ఒక్క పరుగున వెళ్లి పట్టు ఉత్తరీయంలో పట్టుకున్నాడు. దాని గుండె ఆయన అరచేతిలో టకటక కొట్టుకుంటోంది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"పైడాంబా, నిజం చెప్పు. నా ప్రాణం ఇందులోనే ఉందా?"

"లేదు ప్రభూ. ఆ చెంబులో మీ తాంబూలం వాసన తప్ప ఏమీ లేదు."

భటులు బిక్కచచ్చిపోయారు. రాజు కళ్లు ఎర్రబడ్డాయి.

"మరి ఇందులో ఉన్నది ఎవరి ప్రాణం?"

"దానిదే ప్రభూ."

రాజు పిల్లను చూశాడు, పైడాంబను చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పిల్లను మళ్లీ గూట్లో పెట్టించి, ఆ చింతతోపు మొత్తం పైడాంబకు ఇనాంగా ఇచ్చేశాడు.

"ఇక ఇక్కడ ఒక్క కొమ్మ కొట్టాలన్నా నేనే వచ్చి నిన్ను అడగాలి" అన్నాడు.

"అడగండి మహాప్రభూ, కాదంటాను" అంది పైడాంబ.