రాజుగారి బల్లుల లెక్క

కంకణగిరి అనే రాజ్యాన్ని రణధీరవర్మ ఏలుతున్న రోజుల్లో, ఓడ వర్తకుడొకడు ఆయనకు ఐదు బుల్లి బల్లుల్ని కానుకగా ఇచ్చాడు. వేలెడంత కూడా లేవు. చెట్టు బెరడు మీద వాలితే బెరడే. రాజు వాటిని ఒక ఎండుకొమ్మతో సహా పంజరంలో పెట్టించి, రోజూ కొలువులో తానే లెక్కపెట్టి "ఐదు" అనేవాడు. సభికులకు కొమ్మ తప్ప ఏమీ కనిపించేది కాదు. అయినా అందరూ తలలూపేవారు. పక్కవాడికి కనిపిస్తున్నాయేమో, తమకే చూపు మందగించిందేమో అని ఎవరి అయోమయం వారిది.

ఒకరోజు రాజు "నాలుగే" అన్నాడు. వాటిని సాకేది నాగులు. పొద్దున ఐదూ తన వేలి మీది మిడతల్ని తిన్నాయని మొరపెట్టుకున్నాడు. రాజు వినలేదు. తన కళ్లు పొరబడవనీ, రేపటికి ఐదోది కనబడకపోతే పెళ్లాంబిడ్డలతో రాజ్యం విడిచి పొమ్మనీ ఆజ్ఞాపించాడు.

నాగులు ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు కొండుభట్టు ఇంటికి పోయాడు. కొండుభట్టుకు నాగులు మీద జాలి వేసింది, రాజు మీద ఒళ్లు మండింది.

మర్నాడు పంజరం కొలువుకు వచ్చింది. ఈ రోజు ఎన్ని ఉన్నాయో ప్రభువులే చూసి చెప్పాలని కొండుభట్టు విన్నవించాడు.

రాజు కళ్లు చికిలించి అటు వంగాడు, ఇటు వంగాడు, తికమకపడ్డాడు. సభంతా తనవైపే చూస్తోంది. చివరికి వేలితో చూపిస్తూ ఐదూ లెక్కపెట్టి, నాగులును క్షమించానన్నాడు.

కొండుభట్టు కొమ్మను బయటికి తీసి దులిపాడు. ఏమీ రాలలేదు.

"ఇది మా వంటింటి కట్టెపుల్ల, మహారాజా. బల్లులు నాగులు బుట్టలో ఉన్నాయి."

రాజు బుట్టలోకి చూస్తే అందులోనూ బెరడే కనిపించింది. నాగులు వేలి మీద మిడతల్ని ఒక్కొక్కటే పెట్టి చూపగా, ఆ బెరడు ఐదు చోట్ల కదిలి నోరు తెరిచింది.

"కట్టెపుల్లలో ఐదింటిని చూసిన కళ్లు, ఐదున్నచోట నాలుగే చూడడంలో వింతేముంది, ప్రభూ?" అన్నాడు కొండుభట్టు.

సభికులు బెదురుగా రాజు ముఖం వైపు చూశారు. అంతలో బుట్టలోంచి ఒక బల్లి టిక్కుటిక్కుమంది. బల్లి పలికితే ఊరుకునే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. మంత్రి మొదలు కావలివాడి దాకా అందరూ చేతికందినచోట వేళ్లతో తట్టి "సత్యం, సత్యం" అన్నారు. అన్నాక గానీ ఏమన్నారో వాళ్లకు తెలియలేదు.

రాజు తెల్లబోయాడు. కోపం బల్లి మీద చూపాలో, సభ మీద చూపాలో తోచలేదు. తీరా చూస్తే తన వేళ్లు కూడా సింహాసనాన్ని తడుతున్నాయి. ఇక ఆపుకోలేక పగలబడి నవ్వి, మెడలోని హారం తీసి కొండుభట్టుకు వేశాడు.

"ఇకమీదట లెక్క నాగులుది. తల ఊపడం నాది."