తొమ్మిది సగాలు, రెండు గుడ్లు

మెట్ట చేల మధ్య ఒక పాత దిగుడుబావి ఉంది. దాని గట్టు మీద ఈతచెట్టు ఒకటి నీళ్ల మీదికి ఒరిగి పెరిగింది. ఆ చెట్టు మీద పోగయ్య అనే గిజిగాడు, అతని పెళ్లాం చుక్కమ్మ కాపురముంటున్నారు. ఆ చుట్టుపక్కల అల్లిక అంటే పోగయ్యదే. ఈత ఆకును ముక్కుతో సన్నగా చీల్చి, ఆ పోగుల్ని ముడేసి, లాగి, మెలేసి అల్లాడంటే గాలివాన కూడా విప్పలేదు. ఒక్కటే లోపం. ఎవరేం అడిగినా కాదనడం అతనికి చేతకాదు.

మృగశిర కార్తె మొదటిరోజు అక్కడి జీవాలన్నిటికీ పండుగ. పొద్దున్నే అందరూ వాగు ఒడ్డున చేరతారు. ఆ రోజుకు ఇంట్లో ఒక కొత్త వస్తువైనా ఉండాలని అందరికీ ఆశ. ఇక మూడు రోజులే ఉన్నాయి. ఈతమట్టలకు ఎనిమిది పనులు వేలాడుతున్నాయి. ఉడతకు ఊయల, అడుగు మాత్రం అల్లి ఉంది. గోరింకకు టోపీ, అంచు దగ్గరే ఆగింది. కొంగకు చేపల సంచి, రెండు వరసలు. మరో నాలుగింటిలో ఏది ఎవరిదో పోగయ్యకే గుర్తులేదు. ఎనిమిదోది సొంత గూడు. అదీ సగమే.

గూట్లో గది తయారైంది. గది కింద వేలాడాల్సిన గొట్టం లేదు. గిజిగాడి ఇంటికి ఆ గొట్టమే తలుపు, అదే తాళం. మూరెడు పొడవున సన్నటి దారి, గిజిగాడు తప్ప ఇంకొకరు దూరలేని దారి. అది లేని గూడు కింద నోరు తెరుచుకుని ఉంటుంది. గదిలో అప్పటికే రెండు గుడ్లున్నాయి.

"ఏమయ్యా, ఇవాళైనా గొట్టం మొదలుపెడతావా?" అంది చుక్కమ్మ.

"పెడతానే. ఈ సంచికి ఇంకో వరస లాగేసి..."

"నిన్న టోపీ అన్నావు."

"టోపీ కూడా."

"మొన్న ఊయల."

"ఊయల కూడానే చుక్కా! మాటిచ్చాను కదా."

"నాకివ్వలేదా మాట?"

"నువ్వు ఇంట్లోదానివి. నాలుగు రోజులు ఆగుతావు."

"నేను ఆగుతాను. గుడ్లు ఆగుతాయా?"

పోగయ్య జవాబు చెప్పేలోపు రెక్కల చప్పుడైంది. కావయ్య అనే కాకి వచ్చి పక్క మట్ట మీద వాలాడు. ఊళ్లో నలుగురి మధ్య తిరిగి పనులు కుదిర్చే పెద్దమనిషి.

"తమ్ముడూ, నీ ముక్కు చల్లగుండాలి! నీ పనితనం గురించి చెప్పుకోని చెట్టు లేదు. కౌజుపిట్టకు పరుపు కావాలట. పన్నెండుమంది పిల్లలు, పాపం నేల మీద పడుకుంటున్నారు."

"అన్నా, ఇక నావల్ల కాదు. ఎనిమిది ఉన్నాయి."

"ఎనిమిది అల్లేవాడికి తొమ్మిదోది ఒక లెక్కా? ఇవాళే పూర్తి చెయ్యమన్నానా? ఒక్క వరస అల్లి వదిలెయ్. మొదలుపెట్టావంటే అది నీ చేతి పని. ఇక వాళ్లు ఇంకొకడి దగ్గరికి పోరు. మిగతాది తీరిగ్గా చూసుకో."

"ఇందులో నీకేం వస్తుంది బావగారూ?" అని అడిగింది చుక్కమ్మ.

"ఒక్క గింజ వద్దమ్మా! తమ్ముడు పైకొస్తే చాలు. అన్నట్టు మరదలా, పండుగనాడు పొద్దున్నే నువ్వూ వాగు దగ్గరికి రావాలి. నీ చేత పాట పాడించాలని అందరూ అనుకుంటున్నారు. ఇద్దరూ కలిసే రండి, ఎంత, గంటసేపు."

కావయ్య ఎగిరిపోయాడు. పోగయ్య కొత్త పోగు చీల్చి పరుపుకు ఒక వరస అల్లాడు. తొమ్మిది సగాలయ్యాయి. చుక్కమ్మ వెళ్లి గుడ్ల మీద కూర్చుంది.

మర్నాడు పొద్దున ఉడత చెట్టెక్కింది. వస్తూనే తోక విదిలించింది.

"అన్నా, ఊయలేదీ? నెలరోజులైంది. నా పిల్లలు తొర్రలో వట్టి చెక్క మీద పడుకుంటున్నారు."

"ఇదిగో చెల్లెమ్మా, నీదే అందుకుంటున్నాను" అని పోగయ్య గబగబా ఊయల అడుగు పట్టుకున్నాడు. పాత పోగు కొసను వంచి కొత్త పోగుతో ముడెయ్యబోయాడు. పటుక్కున విరిగింది. ఇంకో కొస వంచాడు. అదీ విరిగింది. ఇంకొకటి. ముక్కు కింద పొట్టు రాలింది.

పోగయ్య టోపీ దగ్గరికి ఎగిరాడు, పటుక్కు. సంచి దగ్గరికి ఎగిరాడు, పటుక్కు. ఈత పోగు పచ్చిగా ఉన్నప్పుడే వంగుతుంది, ముడి పడుతుంది. ఎండితే విరుగుతుంది. పక్కన పచ్చి పోగు పెట్టినా పట్టదు, జారిపోతుంది. ఈ సంగతి గుడ్డులోంచి బయటపడ్డ ప్రతి గిజిగాడికీ తెలుసు. పోగయ్యకూ తెలుసు. తెలిసి కూడా ఒక్కో వరస అల్లి ఎండకు వదిలేశాడు. అవి సగం పనులు కావు. ఎప్పుడో చచ్చిపోయిన పనులు. రోజూ వాటి చుట్టూ తిరుగుతూ తాను కష్టపడుతున్నాననుకున్నాడు, అంతే.

ఈలోపు గోరింక వచ్చాడు, కొంగ వచ్చింది.

"టోపీ అంచు నా నెత్తిన పెట్టుకుని పండుగకు పొమ్మంటావా?" అన్నాడు గోరింక.

"ఒక్కొక్కరే మాట్లాడండి" అన్నాడు పోగయ్య నీరసంగా. "నెత్తిన పడి పనులిచ్చింది మీరే కదా."

"నెత్తిన పడ్డామా?" కొంగ మెడ చాచింది. "నేనెప్పుడు అడిగాను? కావయ్యే నా దగ్గరికొచ్చి, పోగయ్య పనుల్లేక దిగులు పడుతున్నాడు పిన్నీ, ఒక సంచి చెప్పు, అన్నాడు. పోనీలే పాపం అని ఒప్పుకున్నాను."

"నాకూ అదే చెప్పాడు!" అంది ఉడత.

"నాకు మాత్రం మీరే కాళ్లావేళ్లా పడుతున్నారని చెప్పాడే!" అన్నాడు పోగయ్య.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చుక్కమ్మ గూట్లోంచి బయటికొచ్చింది.

"నెలరోజులుగా ఎండలో ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్క గింజ తీసుకోలేదు. ఊరికే ఇంత తిరిగేవాడు కాదు కావయ్య. మనింట్లో అతనికి పనికొచ్చేదేముంది?"

నలుగురూ తలెత్తి చూశారు. గొట్టం లేని గూటి నోట్లోంచి, గది అంచున, రెండు గుడ్లు తెల్లగా కనబడుతున్నాయి.

పోగయ్య ఎగిరి గూటి నోటికి అడ్డంగా వాలాడు. "ఎల్లుండి పొద్దున అందరూ వాగు దగ్గరుంటారు. మమ్మల్నిద్దర్నీ తప్పకుండా రమ్మన్నాడు."

"గొట్టానికి ఎన్నాళ్లు పడుతుంది?" అంది ఉడత.

"మూడు రోజులు, ఇంకో పని ముట్టకపోతే."

"ముట్టకు మరి!"

పోగయ్య అప్పుడు జీవితంలో మొదటిసారి కాదని గట్టిగా అన్నాడు.

"మీవి నేను చెయ్యలేను. ఈ పండుగకే కాదు, అవి ఎప్పటికీ పూర్తికావు. ఎండిపోయాయి. తప్పు నాది."

"ఈ ముక్క మొదటిరోజే చెప్పుంటే నా దారి నేను చూసుకునేదాన్ని కదయ్యా!" కొంగ కోపంతో ముక్కు టకటకలాడించింది. "పండుగ ముందు చెబుతావా?"

"నిజమే పిన్నీ."

"నిజమే అంటే నా సంచి వస్తుందా?"

"రాదు."

కొంగ విసురుగా ఎగిరిపోయింది. గోరింక గొణుక్కుంటూ వెళ్లాడు. పోగయ్య వాళ్లను వెనక్కి పిలవలేదు. పిలిస్తే మళ్లీ ఏదో ఒకటి ఒప్పుకుంటానని భయపడ్డాడు. ఒక్కో మట్టకు ఉన్న ముడి కొరికి, ఎనిమిది సగాలనూ బావిలోకి వదిలేశాడు. చివరిది పడ్డాక చెట్టు మీద ఒక్క గూడే మిగిలింది.

వెనక్కి తిరిగి చూస్తే ఉడత ఇంకా అక్కడే ఉంది.

"అలా చూడకు. నీ మీద కోపం పోలేదు. ఆకులు కొరికి అందిస్తాను, అల్లు. నీ కోసం కాదు, పిల్లలున్నదాన్ని కాబట్టి."

ఆ రోజంతా, మర్నాడంతా ఉడత ఆకు కోసింది, చుక్కమ్మ చీల్చింది, పోగయ్య పూర్తయిన గది గోడ సందుల్లోంచి పచ్చి పోగు దూర్చి గొట్టం అల్లాడు. కావయ్య ఒకసారి దూరం నుంచి అరిచాడు: "ఏం తమ్ముడూ, మిగతావన్నీ ఏవీ?"

"అయిపోయాయి బావగారూ! ఇచ్చెయ్యడానికి కింద పెట్టాడు" అంది చుక్కమ్మ మొగుడి తరఫున. కాకి నవ్వుకుంటూ పోయాడు.

పండుగనాటి తెల్లవారుజాముకు గొట్టం జానెడు దిగింది. పోగయ్య దాన్ని కొలిచి చూసి కూలబడ్డాడు.

"చాలదు చుక్కా. కాకి మెడా, ముక్కూ కలిపితే ఇంతకంటే పొడుగు. తల దూరిస్తే ముక్కు గుడ్లను అందుకుంటుంది."

"ఎంతసేపు ఏడుస్తావు? నీకు ఎన్ని ముడులొచ్చు?"

"లెక్కలేనన్ని."

"లాగితే బిగిసే ముడి ఒకటుందిగా. గొట్టం అంచున వెయ్యి. రెండో కొస గూటికి కట్టకు, మట్ట మొదలుకు కట్టు. గూడు కదలకూడదు."

"లాగేదెవరు?"

"నువ్వు. మట్ట చాటున కూర్చుని."

"మరి నువ్వు?"

"లోపల ఉంటాను. గుడ్లకు అడ్డంగా."

"ముక్కు నీకు తగులుతుందే!"

"అయితే ఆలస్యంగా లాగకు."

మూడు పచ్చి పోగుల్ని పురి పెట్టి పోగయ్య ఆ ముడి వేశాడు. పొద్దు పొడిచేసరికి జీవాలన్నీ వాగువైపు కదిలాయి. పోగయ్య ఊరంతా వినబడేలా కేకేశాడు: "చుక్కా, నువ్వు ముందే వెళ్లిపోయావా? వస్తున్నా, వస్తున్నా!" అంటూ వాగువైపు ఎగిరాడు. తుమ్మచెట్టు దాటాక కిందికి దిగి, చేలగట్టు చాటున తిరిగొచ్చి, బావి మెట్ల మీదుగా పైకెక్కి మట్ట మొదట్లో నక్కాడు. కట్టిన కొస దగ్గర పోగును ముక్కున పట్టుకున్నాడు.

కావయ్య రానే వచ్చాడు. వెంటనే గూటి దగ్గరికి పోలేదు. గట్టు మీద వాలి అటూ ఇటూ చూశాడు. "మరదలా!" అని మెత్తగా పిలిచాడు. జవాబు లేదు. "తమ్ముడూ!" లేదు. ఎగిరి మట్ట మీద వాలాడు. మట్ట ఊగింది, గూడు ఊగింది. లోపల గుడ్లు అంచువైపు దొర్లాయి. చుక్కమ్మ రొమ్ముతో వాటిని వెనక్కి నెట్టి, ఊపిరి బిగపట్టి కళ్లు మూసుకుంది.

కాకి తలకిందులుగా వేలాడి గొట్టంలోకి ఒక కన్నుతో చూశాడు. ముక్కు పెట్టాడు. పోగయ్య లాగలేదు, ఇంకా మెడ రాలేదు. కాకి ముక్కు తీసేశాడు. మళ్లీ చుట్టూ చూశాడు. ఈసారి తలంతా దూర్చాడు. ముక్కు కొన చుక్కమ్మ ఈకలకు తగిలింది.

పోగయ్య వెనక్కి పడేంత బలంగా లాగాడు.

ముడి మెడకు బిగిసింది. కావయ్య తల వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్న కొద్దీ ఇంకా బిగిసింది. రెక్కలు టపటపా కొట్టుకున్నాడు. గొట్టం సగం చిరిగింది కానీ పోగు తెగలేదు. చివరికి మట్ట మీద కూలబడి రొప్పుతూ, పైనుంచి దిగొచ్చిన పోగయ్యను చూశాడు.

"తమ్ముడూ! నువ్వా! కాపలాకని వచ్చానురా. లోపల పామేదో దూరిందేమోనని తొంగి చూశాను."

చిరిగిన గొట్టంలోంచి చుక్కమ్మ తల బయటపెట్టింది. "పాము లేదు బావగారూ. దూరింది మీరే."

గొడవ విని వాగు దగ్గర్నుంచి అందరూ పరుగెత్తుకొచ్చారు. జనాన్ని చూడగానే కాకి గొంతు మారింది. "చూడండర్రా! మీ పనులన్నీ ఎగ్గొట్టి బావిలో పారేశాడు, అదుగో తేలుతున్నాయి. మీ తరఫున అడుగుదామని వస్తే ఉరేశాడు!"

కొంగ అందరికంటే ముందుకొచ్చింది. పోగయ్య మీద కోపం ఇంకా దాని మొహంలో ఉంది.

"ఎగ్గొట్టాడు. నిజమే. అది మాకూ అతనికీ మధ్య గొడవ, మేం తేల్చుకుంటాం. అడగడానికొచ్చినవాడివి, బయట నిలబడి అడగాలి. నీ తల గుడ్ల దగ్గర ఎందుకుంది?"

కావయ్య నోరు తెరిచాడు. "నాకూ చెప్పు", "మా ఇంటికెందుకొచ్చావు?" అంటూ తలో పక్క నుంచీ అడగడం మొదలుపెట్టారు. మెడ తిప్పడానికి వీల్లేక అతను అందరికీ ఒకే మొహం చూపిస్తూ కూర్చున్నాడు.

చాలాసేపటికి ఉడత పోగును కొరికి తెంపింది, మెడలోని ఉచ్చును మాత్రం అలాగే వదిలేసింది. కావయ్య ఎగిరిపోయాడు. ఏ చెట్టు మీద వాలినా, మెడలో ఆ పోగేమిటి మామా, అని అడిగేవాళ్లే. చెప్పలేక ఆ చెట్టు వదిలి ఇంకో చెట్టుకు, ఆ ఊరు వదిలి ఇంకో ఊరికి పోయాడు.

పోగయ్య పండుగకు పోలేదు. చిరిగిన గొట్టాన్ని తీసేసి, పచ్చి పోగుతో మొదటి నుంచి అల్లడం మొదలుపెట్టాడు. మధ్యలో కౌజుపిట్ట వచ్చి పరుపు అడిగింది. "చెయ్యలేనమ్మా" అన్నాడు, పోగు ముక్కులోంచి వదలకుండానే. మూడో రోజు సాయంత్రం మొదటి చినుకు పడేసరికి గొట్టం మూరెడు దిగింది.

నీ పని సగంలో ఉంటే ఎవడి కడుపు నిండుతుందో ముందు కనుక్కో. వాడు తెచ్చిన పనికి "చెయ్యను" అని మొహం మీదే చెప్పు.