చవితి చంద్రుడూ నూకాలమ్మ తిట్లూ

అనగనగా ఒక ఊరు. పేరు చెప్పను. చెప్తే ఆ ఊరివాళ్ళు పొద్దున్నే తగువుకొస్తారు. ఊఁ కొడుతూ విను బుజ్జీ.

ఆ ఊరి మొదట్లో తవిటయ్య అని ఒకడుండేవాడు. పెళ్ళాం లేదు, పొలం లేదు. కానీ ఎవరు ఏ ఊరెళ్ళినా ఇంటికి తాళం వేసి, చెవి అతనికిచ్చి వెళ్ళేవారు. తిరిగొచ్చాక కూడా ఒక మారుచెవి అతని దగ్గరే ఉంచేవారు. అతని గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఒక తాళంచెవి. సొంత మొగుణ్ణి నమ్మనివాళ్ళు కూడా తవిటయ్యని నమ్మేవారు. అతనికున్న ఆస్తల్లా ఆ నమ్మకమే.

ఆ ఏడు వినాయక చవితి వచ్చింది. చవితినాడు చంద్రుణ్ణి చూస్తే చెయ్యని తప్పుకి నింద పడుతుంది కదా. పూజలో కథ విని అక్షింతలు వేసుకున్నవాళ్ళకి భయం లేదు. తవిటయ్య కూడా పూజకి వెళ్ళాడు. వెళ్ళి గోడకి ఆనుకుని కునుకు తీశాడు. అక్షింతలు తలమీద పడ్డాయి గానీ, కథ చెవిన పడలేదు.

సాయంత్రం వాకిట్లోకొచ్చి ఒళ్ళు విరుచుకున్నాడు. తల దించుకుని ఒళ్ళు విరుచుకునేవాణ్ణి నేనైతే చూళ్ళేదు. ఎదురుగా చంద్రుడు.

అప్పుడు తవిటయ్య గుండె జారిపోయింది. తనమీద నింద పడితే దొంగతనమే పడుతుంది. ఒక్కసారి దొంగ అన్నారంటే గోడమీద మేకులన్నీ ఖాళీ.

దానికో విరుగుడుంది. చంద్రుణ్ణి చూసినవాడు ఆ పూటే ఎవరిచేతైనా తిట్లు తినాలి. తిట్టు తింటే నింద తప్పుతుంది. ఈ ఊళ్ళో తిట్లకేం కరువు అనుకుని తవిటయ్య బయల్దేరాడు.

ముందు అచ్చన్న పెంకుటింటి మీద రాయి విసిరాడు. పెంకు పగిలింది. ఈ అచ్చన్న పక్కింటి ఎండుటాకు తన పెరట్లో పడ్డా పంచాయితీ పెట్టే మనిషి. కానీ వచ్చే నెల కూతురి పెళ్ళి. ఇల్లంతా కదిలి పొరుగూరు వెళ్ళాలి, ఇల్లు తవిటయ్యకే అప్పగించాలి.

"కోతిని తోలావా తమ్ముడూ? ఆ పెంకు ఎలాగూ మార్చాల్సిందేలే," అన్నాడు.

ఆ తర్వాత పైడితల్లి ఇంటికి వెళ్ళాడు. అడక్కుండా వంటింట్లో జొరబడి, పళ్ళెంలోంచి ఒక ఉండ్రాయి తీసి నోట్లో వేసుకున్నాడు. పైడితల్లి ఉండ్రాళ్ళని కట్టుకున్న మొగుడు కూడా ముట్టడు. పిల్లలు వాటితో గోలీలాడేవారు.

పైడితల్లి కళ్ళు చెమర్చాయి. "నా చేతి వంట అడక్కుండా తిన్నవాడివి నువ్వొక్కడివే అన్నయ్యా. ఇంకోటి తిను," అంది. తిట్టు దొరకలేదు సరికదా, పన్ను కదిలింది.

ఇక మిగిలింది ఊరి చివర నూకాలమ్మ. కోడి కూస్తే తిడుతుంది, కూయకపోతే తిడుతుంది. అందుకని ఆవిడ గుమ్మం ఎవరూ తొక్కరు. పండక్కి ఒక కుడుమైనా పంపరు. తవిటయ్య వెళ్ళి ఆవిడ ఆనపపాదుని కసాపిసా తొక్కేశాడు.

నూకాలమ్మ చీపురుతో బయటికొచ్చింది. తవిటయ్యని చూసింది. చీపురు జారి కింద పడింది.

"పండగపూట నా ఇంటికి మనిషొచ్చాడా! రా నాయనా, కూర్చో," అని పీట వాల్చింది.

అప్పుడు తవిటయ్య ఆ పీటమీద కూర్చుని భోరుమన్నాడు. "అత్తా, నీకు దణ్ణం పెడతాను, తిట్టు. తిట్లు తిందామనే వచ్చాను," అని చంద్రుడి సంగతి చెప్పాడు.

నూకాలమ్మ కింద పడ్డ చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది.

"ఓహో! తిట్లు కావలసొస్తే గానీ నేను గుర్తురాలేదన్నమాట! ఒరే ఎండిన బీరకాయ మొహమా, చంద్రుడి దాకా లేచిన మెడ, ఏడాది పొడుగునా నా గుమ్మం వైపు తిరగలేదేం? ఊరందరి తాళాలూ నీ దగ్గరున్నాయే, నా ఇంటి తాళం ఎందుకు లేదని ఎప్పుడైనా అనుకున్నావా? నన్నెవరైనా ఎక్కడికైనా పిలిస్తే కదరా, తాళం వేసుకు వెళ్ళడానికి!"

"ఇంకొంచెం అత్తా," అన్నాడు తవిటయ్య కళ్ళు తుడుచుకుంటూ. ఇంకొంచెం తిట్టింది. ఊరి మొదటిదాకా వినపడింది.

తెల్లారింది. పైడితల్లి ముక్కుపుడక కనపడలేదు. వంటింట్లోకొచ్చిన పరాయివాడు తవిటయ్య ఒక్కడే. నిన్న అన్నయ్యా అన్న నోటితోనే ఇవాళ దొంగ అంది. అచ్చన్న అందరికంటే ముందొచ్చి తన చెవి తీసుకున్నాడు. పెంకు సంగతి కూడా అతనికి అప్పుడే గుర్తొచ్చింది. ఒక్కొక్కరే వచ్చి చెవులు పట్టుకుపోయారు. గోడకి మేకులు మిగిలాయి. తవిటయ్య వాటికేసి చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు నూకాలమ్మ రోకలి పట్టుకుని వచ్చింది. జనం అడక్కుండానే దారిచ్చారు.

"నేను తిట్టినవాడిమీద మళ్ళీ నిందా? నా తిట్టు అంత పస లేనిదా?" అంటూ సూటిగా పైడితల్లి వంటింట్లోకి వెళ్ళింది. "పిండి కలిపేటప్పుడు పుడక ముక్కునే ఉందా?"

"ఉంది పిన్నీ."

"ఉండ్రాళ్ళు చేశాక?"

పైడితల్లి ముక్కు తడుముకుంది. తినేవాళ్ళు లేరు గనక ఉండ్రాళ్ళు ఇంకా పళ్ళెంలోనే ఉన్నాయి. నూకాలమ్మ ఒకటి రోట్లో వేసి దంచింది. ఏమీ లేదు. ఇంకోటి దంచింది. లేదు. మూడోదానికి రోకలి రెండుసార్లు ఎగిరిపడింది. ఆ తర్వాత అది పగిలింది. లోపల పుడక తళుక్కుమంది.

"ఇంకొకరింట్లో అయితే ఎవరి పొట్టలోకో పోయేది. నీ వంట మంచిది గనక దక్కింది," అంది నూకాలమ్మ.

పొద్దెక్కేసరికి మేకులన్నీ మళ్ళీ నిండాయి. అచ్చన్న తన చెవిని కొడుకుచేత పంపించాడు. తనకి నడుం పట్టిందట.

తిట్టు పనిచేసిందా, రోకలి పనిచేసిందా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఎందుకైనా మంచిదని మరుసటి ఏడు నుంచి, చంద్రుణ్ణి చూసినవాళ్ళూ చూడనివాళ్ళూ కూడా, చవితి సాయంత్రం ఉండ్రాళ్ళ పళ్ళెంతో నూకాలమ్మ గుమ్మానికి వెళ్ళి, వరసగా నిలబడి తిట్లు తినడం మొదలుపెట్టారు. అదే ఆ ఊరి ఆచారమైంది.

అచ్చన్న కూతురి పెళ్ళికి నూకాలమ్మనీ పిలిచారు. ఆవిడ ఇంటికి తాళం వేసి, చెవి తెచ్చి తవిటయ్య చేతిలో పెట్టింది. తవిటయ్య గోడకి కొత్త మేకు కొట్టాడు.

నూకాలమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పళ్ళేలు మాత్రం ఆగలేదు. ఇప్పుడెవరు తిడుతున్నారని నన్నడక్కు. రేపు చవితే కదా, సాయంత్రం మన గుమ్మం ముందు ఎవరెవరు నిలబడతారో నువ్వే చూద్దువు గాని. పైడితల్లి మనవరాలు తెచ్చిన పళ్ళెం మాత్రం ముట్టుకోకు. నీవింకా పాలపళ్ళు.

కథేమో కంచికి,
కుడుమేమో కంచానికి,
తిట్లేమో ఊరికి,
నువ్వేమో నిద్దరకి.